మెట్ల మీద అడుగులు

సినిమాలో మీరు వినే అడుగుల చప్పుడు నటులది కాదు. చాలామటుకు నాది. షూటింగులో మాటలు పట్టుకునే మైకుకి కాళ్ల సంగతి పట్టదు. అందుకని తర్వాత నాలాంటి వాళ్లు స్టూడియోలో తెర ముందు నిలబడి, తెర మీది మనిషి అడుగు వేసినప్పుడల్లా తామూ ఒక అడుగు వేస్తారు. చెక్క నేల, రాతి నేల, ఇసుక, మెట్లు, అన్నీ ఒకే గదిలో ఉంటాయి. గోడవారన గుట్టగా పడున్న పాత చెప్పులూ బూట్లే నా ఆస్తి. హీరో ఠీవిగా నడిచొస్తుంటే హాల్లో ఈలలు వేస్తారు. ఆ ఠీవి నడుం నొప్పితో మూలిగే ఒక నడివయసు ఆడదానిదని వాళ్లకెవరు చెబుతారు?

స్టూడియోలో అందరూ నన్ను అక్కా అంటారు. సౌండ్ ఇంజినీరు నాకంటే పెద్దవాడు, అతనూ అక్కా అనే అంటాడు. మొదట్లో కోపమొచ్చేది, తర్వాత అలవాటైంది. ఇంట్లో మాత్రం అలా పిలిచేవాళ్లు లేరు. ఉన్న ఒక్క చెల్లెలూ పోయి చాలా కాలమైంది.

ఈ మధ్య మా దగ్గరికి ఒక సినిమా వచ్చింది. కథ ఒక పేరున్న గాయకుడిది. అతని దగ్గర పనిచేసే సెక్రటరీ అతని ఇంటి మెట్ల మీంచి పడి చనిపోతుంది. అతనే తోసి చంపాడని కేసు పెడతారు. ఓ పెద్ద లాయరు వాదించి అతన్ని నిర్దోషిగా బయటికి తెస్తాడు. సినిమా అంతా ఆ లాయరు తెలివితేటలే. కొంచెం చూసేసరికే నాకు తెలిసిపోయింది. పేర్లు మార్చారు, ఊరు మార్చారు, గాయకుడికి బట్టతల ఉంటే దాని మీద జుట్టు కూడా మొలిపించారు. కానీ ఆ సెక్రటరీ మా చెల్లెలు.

ఎవరికీ చెప్పలేదు. ఆ గొడవ జరిగింది వేరే ఊళ్లో, నేను ఇక్కడికొచ్చాక ఆ సంగతి ఎత్తిందీ లేదు. ఇప్పుడు చెబితే జాలిపడి, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో అంటారు. మా చెల్లెలి అడుగులు ఇంకెవరో వేస్తారు. ఆ మాట తలుచుకుంటేనే ఒళ్లు మండింది.

అసలు కేసంతా ఆ అడుగుల మీదే నడిచింది. ఆవిడ కత్తెర పట్టుకుని, కోపంతో మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది, మా క్లయింటు ప్రాణభయంతో తోశాడు. లాయరు వాదన ఇది. పరుగు విన్నానని గాయకుడి డ్రైవరు సాక్ష్యం చెప్పాడు. నేను బోనెక్కి ఉన్నమాట చెప్పాను. మా చెల్లెలికి చిన్నప్పుడు మడమ విరిగి సరిగ్గా అతకలేదు, పరిగెత్తలేదండీ, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కుతుంది అన్నాను. లాయరు నా వంక చాలా మర్యాదగా చూశాడు.

"అమ్మా, కోపం వచ్చిన మనిషికి కాలి నొప్పి గుర్తుంటుందా?" అన్నాడు.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. నా సాక్ష్యం అక్కడితో అయిపోయింది.

సినిమాలో నేను లేను. అది నయమే. మా చెల్లెలికి ఒక్క మాట కూడా లేదు. ఒకచోట ఫోటోలో ఉంటుంది, ఒకచోట దుప్పటి కింద ఉంటుంది. మెట్ల సీనులో కూడా కనిపించదు. గదిలో గాయకుడు ఒంటరిగా కూర్చుని ఉంటాడు, తలుపు మూసి ఉంటుంది, బయట మెట్ల మీద అడుగులు వినిపిస్తాయి. తెర మీద అతని మొహం తప్ప ఇంకేమీ ఉండదు. అంటే మా చెల్లెలు ఎలా వచ్చిందో చెప్పాల్సింది నా కాళ్లే. కోర్టు చెవిన పెట్టని మాట కనీసం హాల్లో కూర్చున్న జనమైనా వింటారని ఆశ పుట్టింది. ఇన్నేళ్లలో నాకు దేని మీదా అంత ఆశ పుట్టలేదు.

మర్నాడు ఇంట్లో దాచిన చెల్లెలి చెప్పులు సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఎడమ చెప్పు అంచు ఒకపక్కే అరిగిపోయి ఉంటుంది. అవి తొడుక్కుని మెట్ల ముందు నిలబడ్డాను. కుడికాలు గట్టిగా వేసి, ఎడమకాలు మెల్లిగా దాని పక్కకి లాక్కున్నాను. మళ్లీ కుడికాలు. మలుపు దగ్గర ఆగాను. అది ఎప్పుడూ అక్కడ ఆగేది. మా ఇంటి మెట్లెక్కేటప్పుడు మలుపులో ఆగి, రొప్పుతూ, "అక్కా, తలుపు తీశావా?" అని అరిచేది. అది పైకొచ్చేలోగా తలుపు తీసి లేకపోతే ఇక ఆ పూటంతా సాధింపే.

అద్దం అవతల ఇంజినీరు తల గోక్కున్నాడు.

"అక్కా, పరుగు అని రాశారు కదా. ఇదేంటి, అద్దె అడగడానికొచ్చిన ముసలాయన నడకలా ఉంది."

"ఒకసారి డైరెక్టరు గారికి వినిపించు."

"తిడతారేమో."

"తిట్టనీ. నన్నే కదా తిట్టేది."

డైరెక్టరు వచ్చాడు. మంచివాడే, అందరినీ అండీ అంటాడు. నిలబడే విన్నాడు. నేను అతని మొహంలోకి చూస్తున్నాను. అడుగులు మలుపు దగ్గర ఆగేసరికి అతను మెల్లిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అబ్బ, ఎంత బాగుందండీ," అన్నాడు. "నాకు తోచనే లేదు. పరిగెత్తుకొస్తే ఉత్త కోపం. ఇలా తాపీగా, కాలు ఈడ్చుకుంటూ వస్తే చంపాలని నిశ్చయించుకుని వస్తున్నట్టుంది. ఆ ఆగడం చూశారా, కత్తెర సర్దుకుంటున్నట్టు లేదూ? పాపం, లోపల వాడు ఎలా వణుకుతున్నాడో చూడండి. జనం ఠారెత్తిపోతారు."

నేను మెట్ల పక్కకి జరిగాను.

"ఇంకాస్త గట్టిగా ఈడ్వగలరా?" అన్నాడు.

నేను కాళ్లకున్న చెప్పుల వంక చూశాను. ఇవే అడుగులు ఊరూరా హాళ్లలో వినిపిస్తాయి. మా చెల్లెలు మెట్లెక్కుతుంటే జనం భయంతో కుర్చీలు పట్టుకుంటారు. దాన్ని చంపినవాడి మీద జాలిపడతారు. అది ఊపిరి అందక ఆగిన చోట వాళ్లకి కత్తెర కనిపిస్తుంది. మా చెల్లెల్ని నేనే, నా కాళ్లతోనే, వాళ్ల చేతుల్లో పెట్టాను.

"ఇది తప్పండీ," అన్నాను. "ఆవిడ పరిగెత్తింది."

"భయం బాగా పండిందండీ..."

"పరిగెత్తిందని డ్రైవరు చెప్పాడు కదా. కోర్టు కూడా నమ్మింది కదా. కాలు బాగాలేదని మీ కథలో ఎక్కడా లేదు. ఈ ఈడ్పేంటని అడిగితే ఏం చెబుతారు?"

"నొప్పితో వస్తోందనుకుంటారు."

"కోపం వచ్చిన మనిషికి కాలి నొప్పి గుర్తుంటుందా?"

ఆ మాట నా నోటి వెంట అంత నున్నగా వస్తుందని నేననుకోలేదు. డైరెక్టరు మీరన్నదీ నిజమేనని ఒప్పుకుని వెళ్లిపోయాడు. మొత్తానికి నేను గెలిచాను. ఆ లాయరులాగే.

చెల్లెలి చెప్పులు విప్పి సంచిలో పెట్టేశాను. గుట్టలోంచి ఎవరివో ఎత్తుమడమల చెప్పులు తీసి తొడుక్కుని, మెట్ల మీద దడదడా పరుగు తీశాను. మొదటిసారికే బాగా కుదిరింది. ఆ పరిగెత్తే మనిషి ఎవరో నాకు తెలియదు. ఆవిడ గురించి జనం ఏమనుకుంటే నాకేంటి.

"ఇందాకటిది చెరిపెయ్యి," అన్నాను ఇంజినీరుతో.

"వద్దక్కా, దాచిపెడతాను. ఏ దెయ్యం సినిమాకో పనికొస్తుంది."

"చెరిపెయ్యమన్నాను కదా. ఆగు, ఒక్కసారి వినిపించి చెరిపెయ్యి."

హెడ్‌ఫోను పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. గట్టి అడుగు, మెత్తటి అడుగు. గట్టి అడుగు, మెత్తటి అడుగు. మలుపు దగ్గర ఆగింది.

"తీశానే, రా," అన్నాను.

ఇంజినీరు నా వైపు తిరిగి, "ఏంటక్కా?" అన్నాడు.

"ఏం లేదు. చెరిపెయ్యి."