చేపల పెట్టెలో కాఫీ గింజలు

హనుమంతరావుగారు గ్లాసు బల్ల మీద పెట్టేసి, రుమాలుతో మూతి తుడుచుకుని, హోటలంతా వినబడేలా అడిగారు.

"ఏవండీ సత్యవతిగారూ, ఈవేళ కాఫీలో చేపలు గానీ కడిగారా?"

ఏలూరు పవర్‌పేటలో మాది శాకాహార హోటలు. ఆయన మాటకి ఇడ్లీలు తింటున్నవాళ్ళు చేతులు ఆపేశారు. "మీకు జలుబు చేసిందేమోనండీ" అని నవ్వేసి లోపలికెళ్ళాను. డికాషన్ దగ్గర ముక్కు పెట్టేసరికి నా పైప్రాణం పైనే పోయింది. నీసు వాసన. అనుమానమే లేదు.

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. ఈ సంగతి మా ఆయనకీ, మా వంటవాళ్ళకీ, పాలవాడికీ కూడా తెలుసు. మిగిలిన కాఫీ పొడుం పొట్లం సంచిలో పడేసుకుని, ముసురు పడుతున్నా లెక్కచెయ్యకుండా ఆటో ఎక్కాను. మాకు కాఫీ పొడుం ఇచ్చే ఏసుబాబుని కడిగేద్దామనే బయల్దేరాను.

ఏసుబాబుని కనిపెట్టింది నేనే. ఎండాకాలంలో బంధువుల గృహప్రవేశానికని కొల్లేరు వైపు వెళ్తుంటే దారిలో కాఫీ గింజలు వేగుతున్న వాసన వచ్చింది. బురదా, చేపల మేతా తప్ప మరో వాసన తెలియని ఆ రోడ్డు మీద! ఆటో ఆపించి, ముక్కు ఎటు లాగితే అటు నడిచాను. ఓ ఇంటి ముందు రేకుల షెడ్డు కింద, నిప్పుల మీద ఇనప డ్రమ్ము తిప్పుతూ కనిపించాడు. అంతకు ముందు ఏడాది కొల్లేరులో సర్కారువాళ్ళు చెరువుల గట్లు కొట్టేసినప్పుడు అతని చేపల చెరువు కూడా పోయిందట. అతని అక్కని చింతపల్లి ఏజెన్సీలో ఇచ్చారు. వాళ్ళ తోటలో పండిన గింజ తప్ప ఇంకో గింజ ముట్టడు, చికోరీ కలపడు. "కలిపితే ఏ తోట రుచో తెలీదు కదండీ" అన్నాడు. పొట్లం కట్టించుకుని ఇంటికెళ్ళి తాగాను. అంతే, పాత పొడుం పారబోశాను. డికాషన్ నల్లగా లేదేమిటని సణిగినవాళ్ళే వారం తిరక్కుండా రెండో గ్లాసు అడిగారు.

అతనికి పెద్ద ఖాతా నేనొక్కదాన్నే. నేను మానేస్తే డ్రమ్ము అమ్మేసి, మళ్ళీ ఎవరి చెరువులోనో కూలికి దిగాలి. ఆ మాట అతనే చెప్పాడు. అయినా సరే, ఈవేళతో తెగతెంపులే అనుకున్నాను.

షెడ్డులో అడుగు పెట్టీ పెట్టగానే పొట్లం అతని ముందు విసిరాను. "వాసన చూడు!"

ఏసుబాబు చూశాడు. మళ్ళీ చూశాడు. "బాగానే ఉందండీ."

"నీసు కంపు కొడుతోందయ్యా! నా హోటలు మూయించేస్తావా?"

అతని మొహం పాలిపోయింది. పొట్లం భార్య దానమ్మకి అందించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. "ఏ వాసనా లేదు" అంది నెమ్మదిగా.

అప్పుడు కనబడ్డాయి నాకు, మూలన వరసగా పేర్చిన తెల్ల పెట్టెలు. చేపల్ని ఐసులో పెట్టి లారీలకెక్కించే థర్మోకోల్ పెట్టెలు. మూత తీస్తే నిండా వేయించిన గింజలు.

"మొన్న పొడుం చెమ్మగిల్లిందని కేకలేశారు కదండీ" అన్నాడు ఏసుబాబు. "వీటిలో అయితే గాలి దూరదని పెట్టాను. సబ్బేసి, బ్లీచింగేసి కడిగానండీ. ఎండబెట్టాను కూడానండీ."

"కడిగితే పోతుందా? ఇల్లంతా అదే వాసన!"

ఆ మాట నోరు జారింది. దానమ్మ పొట్లం కింద పెట్టింది.

"వాసన పెట్టెలో ఉందామ్మా, మా ఇంట్లో ఉందా? లేకపోతే మా ఒంట్లోనే ఉందా?"

"నేనలా అన్నానా?"

"మీరు వచ్చినప్పుడల్లా కాఫీ ఇమ్మంటారా అని అడిగాను. ఒకసారి ఉపవాసం అన్నారు. ఒకసారి ఇప్పుడే తాగాను అన్నారు. పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయేవారు. ఇన్నిసార్లు వచ్చారు, మా గ్లాసుతో ఒక్క గుక్కెడు తాగారా?"

"దానా, ఊరుకో" అన్నాడు ఏసుబాబు. ఆవిడ ఊరుకోలేదు. నా వంకే చూస్తోంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుకి మళ్ళీ కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు.

"పెట్టు, తాగుతాను" అన్నాను. "పెట్టెలోవి ఒక గ్లాసు. ఇవాళ వేయించినవి ఒక గ్లాసు. పాలు పొయ్యకు."

"పెడతాను. ఏది ఏదో మాత్రం చెప్పను."

చేటలో ఆరుతున్న గింజలు కొన్ని తీసింది, పెట్టెలోవి కొన్ని తీసింది. విడివిడిగా దంచి, మరిగించి, గుడ్డలో వడకట్టింది. తప్పు చెబితే నా ముక్కు అబద్ధం, నా మాట ఉత్త ఏవగింపు అని తేలిపోతుంది. ఒప్పు చెబితే తప్పంతా పెట్టెలదని తేలి, అతని డ్రమ్ము తిరుగుతుంది.

మొదటి గ్లాసు ఎత్తాను. వాసన వస్తుందనే ఎదురుచూశాను. వచ్చిందేమో అని కూడా అనిపించింది, చెప్పేద్దామనుకున్నాను. ఇంకో గుక్క తాగాను. లేదు. కమ్మగా, గొంతులో తియ్యగా దిగింది. వాళ్ళ ఇంట్లో, వాళ్ళ గ్లాసులో, వాళ్ళ నీళ్ళతో.

రెండోది నోట్లో పడగానే నీసు కొట్టింది. ఉమ్మబోయి, వాళ్ళ ముందు ఉమ్మలేక మింగేశాను.

"ఇది పెట్టెది."

 దానమ్మ ఆ గ్లాసు తీసి బయట వానలో పారబోసింది. ఏసుబాబు స్టూలు మీద కూలబడ్డాడు.

"మరి మాకెందుకు తెలీలేదండీ?"

"పుట్టిందగ్గర్నుంచీ ఇందులోనే ఉన్నాం" అంది దానమ్మ. "మనకెలా తెలుస్తుంది?"

నా కోపం చప్పగా చల్లారిపోయింది. స్టీలు డబ్బాలు పంపిస్తాను, పెట్టెలు అవతల పారెయ్యమన్నాను. "రేపట్నుంచి పొడుం నువ్వే పంపించెయ్ ఏసుబాబూ" అని లేచాను.

అతని మొహంలోకి ప్రాణం వచ్చింది. అంతలో దానమ్మ అడ్డొచ్చింది.

"పంపం అమ్మా."

ఇద్దరం ఆవిడ వంక చూశాం.

"మా ముక్కులకి తెలీదని తేలిపోయింది కదా. కొత్తగా వేయించినప్పుడల్లా మీరే రండి. ఇక్కడ కూర్చుని తాగి, బాగుందంటే పట్టుకెళ్ళండి. మీరు తాగకుండా ఇక్కణ్ణించి గింజ కూడా కదలదు."

మొదటి గ్లాసులో ఇంకా సగం కాఫీ ఉంది. మళ్ళీ కూర్చుని అది అందుకున్నాను.