అంజూర కొమ్మ దొంగ

కప్పగల్లులో ఎర్రిస్వామిని మించిన మొండిమనిషి లేడు, ఒక్క అతని కొడుకు కోదండరామి తప్ప. మొండితనమొక్కటే కాదు, చెట్ల పిచ్చి కూడా ఇద్దరిదీ ఒకటే. అంజూర కొమ్మను ఏ కణుపు కింద కోయాలో కొడుకు గోచీ కట్టే వయసులోనే తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. అలాంటివాడు తోట వదిలి యశ్వంతనగర్‌లో ఇనుప రాయి తోలే లారీ ఎక్కాడు. మట్టి వద్దన్నోడికి నా గడప కూడా వద్దన్నాడు తండ్రి.

కొడుకు పోతూ పోతూ బావిగట్టు అంజూర నుంచి ఒక కొమ్మ కోసుకుపోయాడు. అడగలేదు. ఆ ఊళ్లో కొమ్మను ఎవరూ అడగరు. అడిగి తెచ్చింది బతకదని, దొంగిలించిన కొమ్మకు చెట్టుగలవాడి తిట్లు తగిలితేనే వేరు పడుతుందని అక్కడి నమ్మకం. ఎర్రిస్వామి వీధిలో నిలబడి ఆ పొద్దు తిట్టిన తిట్లకు ఒక తోటే మొలవాలి.

తర్వాత కొన్నేళ్లకు భార్య పంపమ్మ జ్వరమొచ్చి పోయింది. కొడుక్కి కబురు పంపుదామని అయినవాళ్లంటే ఎర్రిస్వామి వద్దన్నాడు. తల్లి మీద ప్రేముంటే వాడే వచ్చిపోయేవాడన్నాడు. అది కోపం మాట. కోపం దిగేసరికి పాడె లేచిపోయింది.

ఈ తొలకరికి బావిగట్టు అంజూర మొదలును పురుగు తొలిచింది. ఎర్రిస్వామి వేపనూనె పోశాడు, ఇనుప తీగ పెట్టి పొడిచాడు, ఏం చేసినా ఆకు రాలడం ఆగలేదు. పంపమ్మ చేత్తో నాటిన చెట్టది. దాని వంశం ఇంకెక్కడైనా మిగిలుంటే యశ్వంతనగర్‌లోనే. కత్తి తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు.

కొడుకు ఇంటిముందు చెట్టు నిండుగా ఉంది. వీధంతా లారీల ఎర్రదుమ్ము. దాని ఆకులు మాత్రం ఎవరో రోజూ కడుగుతున్నట్టు పచ్చగా ఉన్నాయి. కొమ్మలన్నీ తాను నేర్పినట్టే కత్తిరించి ఉన్నాయి. ఎర్రిస్వామికి ముందు కడుపు నిండింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఎవరినీ పిలవకుండా, కణుపు చూసుకుని ఒక కొమ్మ కోశాడు.

గుమ్మంలో కోదండరామి నిలబడి చూస్తూనే ఉన్నాడు. కొమ్మ తెగేదాకా కదలలేదు. తెగాక వీధిలోకి వచ్చి గొంతెత్తాడు. దొంగన్నాడు, ముసలినక్కన్నాడు, కొడుకును తరిమి చెట్టును కావలించుకున్నోడన్నాడు. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. ఎర్రిస్వామి తల వంచుకున్నాడే గాని లోపల సంతోషంగానే ఉంది. వీడికి గుర్తుంది, కొమ్మ బతకాలనే తిడుతున్నాడనుకున్నాడు. ఇంకో నాలుగు పడితే మంచిదేనని అక్కడే నిలబడ్డాడు.

అప్పుడు కోదండరామి గొంతు తగ్గించి చెవి దగ్గరికొచ్చాడు.

"చెట్టు సస్తాంటే బస్సెక్కి వస్తివి నాయనా. అమ్మ సచ్చినప్పుడు నీకు బస్సు దొరకల్యా?"

కొడుకు లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

కొమ్మ బతికింది. నెల తిరక్కుండానే చిగురేసింది. నీ కొడుకు గట్టిగానే తిట్టినట్టుండాడే ఎర్రిస్వామప్పా అని చూసినవాళ్లు నవ్వారు. అవునన్నాడు. వీధి విన్న తిట్లు కొమ్మకు. చెవి దగ్గర అన్న మాట తనకని ఎవరికీ చెప్పలేదు.