అత్తగారి ఆది జాకెట్టు

ఆ ఇంటి ముందు గదే కోడలి కుట్టుషాపు. అత్తగారు ఒక పాత జాకెట్టు, కొత్త గుడ్డ తెచ్చి మిషను మీద పెట్టింది.

"ఇదిగో ఆది. అచ్చం ఇలాగే కుట్టు. కొలతలు మాత్రం ఇప్పటివి తీసుకో. మనిషి పెరిగింది, గుడ్డ పెరగలేదు."

పాతది చేతుల్లేని జాకెట్టు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన కొత్తలో కుట్టించుకున్నది. అప్పుడు అక్కడి ఆడవాళ్లంతా అవే వేసేవారు. తర్వాత బుట్టచేతులు వచ్చాయి, మోచేతుల దాకా చేతులు వచ్చాయి, వీపు మీద తాళ్లు వచ్చాయి. ఇప్పుడు మళ్లీ చేతులు పోయాయి. ఆదివారం పాత ఆపరేటర్లంతా కలుస్తున్నారు. అప్పటి గ్రూపు ఫొటోలో ఉన్నట్టే తయారై రావాలని ఒప్పందం. అత్తగారు వారం నుంచి ఆ ముచ్చటే చెబుతోంది.

కోడలు టేపుతో కొలిచింది. అత్తగారి దండచేతుల చర్మం వేలాడుతోంది. కోడలే కుట్టిందటగా అని వీధిలో వాళ్లు అనుకుంటారని తోచింది. గుడ్డ మిగిలింది. మోచేతుల దాకా చేతులు పెట్టి కుట్టేసింది. అడగలేదు.

శనివారం అత్తగారు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ఎడమ చేత్తో కుడి చేతిని తడుముకుంది.

"ఇవెక్కణ్ణుంచి వచ్చాయే?"

"ఈ వయసులో బాగోదత్తయ్యా. నలుగురూ నవ్వుతారు."

"ఓహో" అంది అత్తగారు.

అంతలో ఒక కాలేజీ అమ్మాయి తన బట్టల కోసం వచ్చింది. కొక్కేనికున్న ఆది జాకెట్టు పట్టుకుని చూసింది.

"భలే ఉందాంటీ! ఎవరిది? నాకూ ఇలాగే కావాలి."

"మా అత్తయ్యది."

"మీదా మామ్మా? మరి కొత్తదానికి చేతులు పెట్టించుకున్నారేం?"

కోడలు తల దించుకుంది.

"చలేస్తోందమ్మా" అంది అత్తగారు. ఫ్యాను తిరుగుతున్నా గదిలో ముగ్గురికీ చెమటలు పోస్తున్నాయి.

అమ్మాయి వెళ్లగానే కోడలు కుట్లు విప్పే సూది తీసింది.

"ఇలా ఇవ్వండత్తయ్యా. చిటికెలో విప్పేస్తాను."

"వద్దులే. నిన్నటిదాకా ఇవి నా చేతులు, అంతే. దాచుకోవాల్సినవని నువ్వు చెబితే తెలిసింది. ఇప్పుడు నువ్వు విప్పినా నేను కొంగు కప్పుకునే కూర్చుంటా."

ఆదివారం సాయంత్రం కోడలి ఫోనుకు ఫొటో వచ్చింది. ముసలివాళ్లంతా చేతుల్లేని జాకెట్లతో, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని నవ్వుతున్నారు. అత్తగారు వరస చివర, ఎడంగా నిలబడి ఉంది. చేతుల జాకెట్టు, దాని మీద కొంగు.

"ఫొటో ఎలా వచ్చిందే?" అప్పుడే తిరిగొచ్చిన అత్తగారు లోపలి గదిలోంచి అడిగింది.

"అందరూ బాగున్నారత్తయ్యా."

"అందరూనా?"

కోడలు ఫోను బోర్లించింది. సూదికి దారం ఎక్కించకుండానే మిషను తొక్కసాగింది.