ఇరవై రెండు ఇనప మెట్లు

సినివాకు గుండెపోటు వచ్చి నాలుగు నెలలయింది. ఆపియా పట్నంలో మార్కెట్ వెనకాల ఉన్న కుట్టు దుకాణంలో మళ్లీ పనిలోకి వచ్చి నెల దాటింది. పిల్లల పండగ తెల్ల ఆదివారానికి ఇంకా పదహారు రోజులే ఉంది. ఆ రోజు చర్చికి వెళ్లే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ తెల్లబట్టలు కావాలి. పొద్దున ఏడింటికి మిషను ముందు కూర్చుంటే సాయంత్రం ప్రార్థన గంట మోగేదాకా లేచే తీరిక ఉండదు.

ఆ కూర్చోవడమే మంచిది కాదంది ఆసుపత్రి నర్సు ఫిలెము.

"గంటలకొద్దీ నడవమనట్లేదమ్మా. నీకంత తీరికెక్కడిది? మీ దుకాణం పక్కన మెట్లున్నాయిగా. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఒక్క నిమిషం, కాస్త చురుగ్గా ఎక్కి దిగు. డాక్టరు అన్నీ చూశాకే చెప్తున్నా, నీ గుండె తట్టుకుంటుంది. ఛాతీ పట్టేసినట్టుంటే మాత్రం ఆగి, నాలుక కింద మాత్ర పెట్టుకుని వచ్చెయ్."

సినివా తలూపింది. కానీ ఛాతీ పట్టేయడమన్న మాట తర్వాత ఆమెకు ఇంకేమీ వినపడలేదు.

ఆరేళ్ల కిందట ఆమె అక్క వైలా బస్సు అందుకోవాలని పరుగెత్తింది. "ఆగక్కా, ఇంకోటొస్తుంది" అని సినివా వెనకనుంచి అంటూనే ఉంది. వైలా నవ్వుతూ వెళ్లి బస్సు తలుపు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే జారిపోయింది. సినివా వెళ్లేసరికి అక్క గుండె ఆగిపోయింది; మొహం మీద ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆనాటినుంచి సినివా దేనికోసమూ పరుగెత్తలేదు. జోరున వాన కురుస్తున్నా నడిచే ఇంటికి చేరేది.

దుకాణం పై అంతస్తులో బట్టల గది ఉంది. బయటనుంచి ఇరవై రెండు ఇనప మెట్లు. సినివా నాలుగు రోజులు వాటివైపు చూడనైనా చూడలేదు.

"చేశావా అక్కా?" అనడిగేది పక్క మిషను మీద కుట్టే పలేపా.

"ఆ, చేశాను."

"ఎప్పుడు? నీ మిషను ఆగిన చప్పుడే నాకు వినపడలేదే."

అయిదో రోజు పలేపా ఇంక ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని లేపి మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. "పద, నేను నీ వెనకే వస్తా. నువ్వు పడితే నామీదే పడతావు. నేను పరుపులాగే ఉన్నానుగా."

పది మెట్లకే గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. పదిహేనో మెట్టు దగ్గర సినివా కడ్డీని రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయింది. ఇదే, ఇలాగే వస్తుంది, అక్కకీ ఇలాగే వచ్చి ఉంటుంది అనుకుంది.

"మాట్లాడు" అంది పలేపా.

"ఏం మాట్లాడను?"

"ఇప్పుడు మాట్లాడావుగా. మాట వస్తోందంటే బతికే ఉన్నట్టు. ఎక్కు."

ఎక్కింది. పైకి చేరి బట్టల తాన్ల మీద కూలబడి ఏడ్చింది. పలేపా జోకులు ఆపేసి పక్కన కూర్చుంది.

మర్నాడు పలేపా మేనల్లుడి పెళ్లికని సవాయి దీవికి వెళ్లింది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగిపోయాయి. సినివా ఒక్కతే ఉంది. ఇప్పుడు చెయ్యకపోతే ఇంకెప్పటికీ చెయ్యలేననిపించి లేచింది. తొమ్మిది మెట్లు గబగబా ఎక్కింది. పదో మెట్టు మీద రొమ్ముల మధ్య ఏదో పిడికిలి బిగించినట్టయింది. కూర్చుండిపోయింది. జేబులోంచి మాత్రలు తీస్తుంటే ఒకటి ఇనప మెట్ల సందులోంచి కిందికి జారిపోయింది. రెండోదాన్ని నాలుక కింద పెట్టుకుంది. కింద రోడ్డు మీద బస్సులు పాటలు పెట్టుకుని పోతున్నాయి. పిలిచినా ఆ హోరులో ఎవరికీ వినపడదు. తను ఇక్కడే పోతే ఎవరు ముందు చూస్తారో, సగం కుట్టిన గౌన్లు ఎవరు పూర్తి చేస్తారో అనుకుంది.

కాసేపటికి పిడికిలి సడలింది. కడ్డీ పట్టుకుని దిగి టాక్సీ ఎక్కింది.

ఆసుపత్రిలో ఛాతీకి తీగలు అంటించి చూశారు. రక్తం తీసి రెండుసార్లు పరీక్షించారు. సాయంత్రం నాలుగింటికి ఫిలెము వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"కొత్తగా ఏమీ కాలేదమ్మా. గుండె బాగానే ఉంది."

"మరి ఆ నొప్పి? నేను కల్పించుకున్నానా?"

"కల్పించుకోలేదు. భయం కూడా ఛాతీని పట్టేస్తుంది. ఏది ఏదో నీకు తెలియదు కాబట్టి రావడమే మంచిపని. రేపు అలా అయినా మళ్లీ రా. నేను నవ్వను."

సినివా అక్క సంగతంతా చెప్పింది. ఆసుపత్రిలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు అంతవరకు.

మర్నాడు పొద్దున డాక్టరు సరేనన్నాక ఫిలెము ఆమెను ఆసుపత్రి మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఇద్దరూ కలిసి ఒక్క నిమిషం ఎక్కి దిగారు. దిగగానే ఫిలెము సినివా రెండు వేళ్లను సినివా మణికట్టు మీదే పెట్టించింది. "భయపడితే పడు. వేళ్లు మాత్రం తియ్యకు."

నాడి దడదడలాడుతోంది. సినివా ఊపిరి బిగబట్టింది. ఆగిపోతుందేమోనని ఎదురుచూసింది. అది ఆగలేదు. మెల్లగా, బియ్యం ఉడికాక పొంగు తగ్గినట్టు, తనంతట తనే దిగివచ్చింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే.

సోమవారం పలేపా వచ్చేసరికి సినివా మెట్ల కింద నిలబడి ఉంది.

"నేను రానా అక్కా?"

"వద్దు. నీ వాగుడుకే నాకు ఆయాసం."

పొద్దున ఒకసారి ఎక్కింది, మధ్యాహ్నం ఇంకోసారి. సాయంత్రం మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

"మూడోది చేశావా?" అంది పలేపా మిషను ఆపకుండానే.

"లేదు. భయమేసింది."

పలేపా తలెత్తి చూసి, కత్తెర ఆమె వైపు జరిపింది. "సరేలే. ఆ గౌన్ల చేతులు కత్తిరించు, రేపు చూద్దాం."