పది నలభై ఎనిమిది లోపు

వాచ్ టవర్ పై మెట్టు ఎక్కాక సిగ్నల్ దొరికింది. రెండు గీతలు. వాటితోపాటే పందొమ్మిది మిస్డ్ కాల్స్.

పందొమ్మిదీ అరుణాదేవి గారివే. టైము చూసింది మంజుశ్రీ. ఉదయం ఏడు ఇరవై. పెళ్ళింట్లో తల్లి ఈ వేళప్పుడు టైలర్‌కి పందొమ్మిది సార్లు ఫోన్ చేసిందంటే మంచి మాట చెప్పడానికి కాదు.

తిరిగి చేసింది. ఒక్క రింగుకే ఎత్తారు.

"మంజుశ్రీ గారూ, నిన్న మీరు పంపిన సంచిలో ఏముందో కాస్త చెప్తారా?"

"అదేందండి, హైందవమ్మ ముహూర్తం చీర, బ్లౌజు. కుచ్చులు సుత వేసి..."

"రెండు దుప్పట్లు. ఒక గళ్ళ లుంగీ. ఒక దోమల కాయిల్స్ డబ్బా."

మంజుశ్రీ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"పది నలభై ఎనిమిదికి ముహూర్తం. నా కూతుర్ని లుంగీతో పీటల మీద కూర్చోబెట్టమంటారా? ఏంటండీ ఇది? అసలు చీరెక్కడుంది?"

"నా దగ్గరనే ఉన్నదండి."

"సరే, అమీర్‌పేటేగా. ఇప్పుడే మనిషిని పంపిస్తాను."

మంజుశ్రీ చుట్టూ చూసింది. కనుచూపు మేర చెట్లు. కింద ఎక్కడో నెమలి గట్టిగా అరిచింది.

"ఏంటా అరుపు?"

"నేనే తెస్తనండి. పదింటికల్లా పంజాగుట్ట హాల్ల ఉంట," అని ఫోన్ పెట్టేసింది.

అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ పక్క సందులో ఆమె షాపు. పదకొండేళ్ళలో ఒక్క పెళ్ళి బ్లౌజు ఆలస్యం కాలేదు. ఆ ఒక్క మాట మీదే సోమాజిగూడ అపార్ట్‌మెంట్ల నుంచి గిరాకీ వస్తోంది. హైందవి బ్లౌజుకి పందొమ్మిది రోజులు పట్టింది. వీపు మీద రెండు హంసలు, మగ్గం వర్క్. శుక్రవారం ట్రయల్ చూసి, శనివారం పొద్దున కుచ్చులు వేసిన చీరతో కలిపి సంచిలో పెట్టి, చెవులు ముడి వేసి కౌంటర్ మీద ఉంచింది. సాయంత్రం పనిమనిషి సుమలత తీసుకెళ్ళి ఇవ్వాలి.

మంజుశ్రీ భర్త శ్యాంసుందర్ ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు. ఊరవతల నేషనల్ పార్కులో టెంటు, సైకిళ్ళు బుక్ చేశాడు. ఆమె ఆర్డర్ల వల్ల ఇప్పటికే రెండుసార్లు తేదీ మార్చాడు. ఈసారి మార్చనన్నాడు. శనివారం మధ్యాహ్నం బయల్దేరే ముందు, అవసరం పడుతుందేమోనని దుప్పట్లు కూడా ఇంకో సంచిలో కుక్కి, దానికీ ముడి వేసి, కారు తీసుకొచ్చేదాకా ఒక్క నిమిషం అని అదే కౌంటర్ మీద పెట్టాడు. వాళ్ళింట్లో సంచులన్నీ ఒకే బట్టల షోరూమువి. ఎర్రవి. అతను ఒకటి తీసుకున్నాడు. సాయంత్రం సుమలత మిగిలింది తీసుకుంది. సోమాజిగూడలో అరుణాదేవి గారి వాళ్ళు ముడి విప్పకుండా పెళ్ళి పెట్టెలో పెట్టుకున్నారు.

మంజుశ్రీ మెట్లు రెండేసి దిగింది. కింద శ్యాంసుందర్ సైకిళ్ళ పక్కన బిస్కెట్లు తింటున్నాడు.

"దుప్పట్ల సంచి ఏడుంది?"

"గది తెచ్చుడే దండుగైంది. ఈళ్ళు స్లీపింగ్ బ్యాగులిచ్చిండ్రు. ముడి సుత ఇప్పలే."

"ఏడుందని అడుగుతున్న."

"బాపు తీస్కపోయిండు. సైకిల్ సీటు రాయి లెక్కున్నది, కూసోరాదన్నడు. మెత్తగుంటదని నేనే సీటు మీద కట్టిన."

మంజుశ్రీ ఆఖరి మెట్టు మీదే ఆగింది. "గవి దుప్పట్లు కావు. హైందవి పెండ్లి చీర."

శ్యాంసుందర్ నోట్లో బిస్కెట్ అలాగే ఉండిపోయింది. కాసేపటికి మింగి, ఆ సమయంలో అనకూడని మాటే అన్నాడు. "గట్టిగనే కట్టిన. పడిపోదు."

మామ మల్లయ్యకి అరవై తొమ్మిదేళ్ళు. సిరిసిల్లలో మగ్గం నేసినన్నాళ్ళూ నూలు మూటలు సైకిల్ మీదే మోశాడు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో సైకిల్ ముట్టనివ్వడం లేదని కొడుకు మీద కోపం. ఇక్కడ ఖాళీ దారి దొరికేసరికి, ఆరింటికే మనవడు చింటుని వెంటేసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ టెంట్‌లోనే వదిలేశాడు.

"నువ్వు గేటు కాడికి పో. కారు తిప్పి పెట్టు," అంది మంజుశ్రీ. "నేను మామను పట్టుకొస్త."

"నువ్వు సైకిల్ తొక్కి ఎన్నేండ్లయింది?"

"పదో తరగతిల. నడువ్, ముచ్చట్లు పెట్టకు."

సైకిల్ దారి తొమ్మిది కిలోమీటర్లు, గుండ్రంగా తిరిగి టవర్ దగ్గరికే వస్తుంది. ఎదురు వెళ్తే మామ త్వరగా దొరుకుతాడు. సైకిల్ అటు తిప్పింది. యాభై గజాలు పోలేదు, ఖాకీ చొక్కా గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. జేబు మీద విజయేందర్ అని పేరు.

"వన్ వే మేడమ్. గిట్ల పోవద్దు."

"అన్నా, జర అర్జెంటు. మా మామ ముంగటున్నడు."

"అందరికి అర్జెంటే. మొన్ననే ఇద్దరు గుద్దుకుని పండ్లు రాలగొట్టుకుండ్రు."

"పెండ్లి చీరన్నా. పది నలభై ఎనిమిదికి ముహూర్తం."

గార్డు ఆమె సైకిల్‌ని ఎగాదిగా చూశాడు. "చీరేది?"

"మా మామ కింద ఉన్నది."

అతను ఇంకేమీ అడగలేదు. ఆమె గుర్తులు చెబితే వాకీటాకీలో అందించాడు. తెల్ల చొక్కా తాత, సీటు మీద ఎర్ర సంచి. అవతల నుంచి జవాబొచ్చింది. చెరువు గట్టు మీద కూర్చుని కొంగల్ని చూస్తున్నాడట.

"దొరికిండు గద. జర ఆడనే ఆపుండ్రి అని చెప్పన్నా."

"చెప్త. కని మీరు మాత్రం గిట్లనే పోవాలె," అని సరైన దిక్కు చూపించాడు. చెరువు అటు నుంచి రెండు కిలోమీటర్లు. ఇటు నుంచి ఏడు.

ఏడు కిలోమీటర్లు తొక్కింది మంజుశ్రీ. సైకిల్‌కి ఇరవై ఒక్క గేర్లున్నాయని నిన్న చెప్పారు. ఏది ముట్టుకున్నా పెడల్ బరువెక్కుతోంది తప్ప బండి కదలడం లేదు. మొదటి ఎత్తులోనే చైను ఊడింది. చేతులకి గ్రీజు పూసుకుని ఎక్కించింది. రెండో మలుపులో ఒక కుటుంబం దారికి అడ్డంగా ఐదు సైకిళ్ళు నిలిపి సెల్ఫీ దిగుతోంది. "జరగండ్రి" అంటే, "అక్కా, ఒక్క ఫోటో తియ్యరా, ప్లీజ్" అని ఫోన్ చేతిలో పెట్టబోయారు. ఆమె ముళ్ళ పొదల్లోంచి తోసుకుపోయింది. చున్నీ కొస అక్కడే చిరిగి ఉండిపోయింది.

చెరువు చేరేసరికి ఎనిమిది ఇరవై ఐదు. గట్టు మీద కొంగలున్నాయి. మామ లేడు.

"ఆగుమంటే ఆగలేదమ్మా," అన్నాడు అక్కడి గార్డు. "నేనేం తప్పు చేసిన అని నా మీదికే లేచిండు. గిప్పుడే పోయిండు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు చూస్తే నల్లటి గ్రీజు. మళ్ళీ ఎక్కింది. అర కిలోమీటరు పోయాక దూరంగా తెల్ల చొక్కా కనబడింది. దాని కింద ఎర్ర సంచి. పక్కన చిన్న సైకిల్.

"మామా!"

చింటు వెనక్కి తిరిగి చూశాడు. పదకొండేళ్ళ వాడికి ఆమె ముఖం కనబడలేదు. వెనక నుంచి జోరుగా వస్తున్న సైకిల్ కనబడింది.

"తాతా, మమ్మీ రేస్‌కొచ్చింది! తొక్కు, తొక్కు!"

మల్లయ్య లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో తొక్కుడికి సంచి మీద ధన్‌మని కూర్చుంటున్నాడు. అరుద్దామంటే మంజుశ్రీకి ఊపిరి లేదు. అరవై తొమ్మిదేళ్ళ ముసలాయన, మూట సీటుతో, తనకంటే వేగంగా పోతున్నాడు. ఈ మనిషే ఇంట్లో రెండో అంతస్తు ఎక్కమంటే మోకాళ్ళ నొప్పులంటాడు.

ఆమెని కాపాడినవి జింకలు. పాతిక దాకా ఉన్నాయి, ఏ తొందరా లేకుండా దారి దాటుతున్నాయి. తాతా మనవడూ ఆగాల్సి వచ్చింది. మంజుశ్రీ వాళ్ళ పక్కనే సైకిల్ పడేసింది.

"దిగు మామా."

"ఓడిపోయి గట్ల మొకం పెడ్తవేంది బిడ్డా?"

"దిగు. గా సంచిల పట్టుచీర ఉన్నది. పెండ్లి చీర."

మల్లయ్య మొహంలో నవ్వు పోయింది. చెప్పులు విడిచి దిగాడు. తాడు ఆయనే విప్పాడు. ముడి విప్పి, చేతులు పంచెకి తుడుచుకుని, లోపలి ప్లాస్టిక్ కవర్ తీసి అంచు మీద రెండు వేళ్ళు పెట్టాడు.

"పొద్దటి సంది పట్టు మీద కూసున్ననా నేను," అన్నాడు మెల్లగా. నేసేవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. కాళ్ళ కింద దేవుడి పటం పడినట్టు చూశాడు. చీర మడత తిప్పి పెట్టాడు. "జరీ ఇరగలేదు. ఇస్త్రీ పెట్టియ్యకు, దులిపి కట్టుమను."

ఆమె బ్లౌజు వీపు చూసింది. హంసలు రెండూ క్షేమం. ఒక్క పూస ఊడలేదు. ముందు వైపు తిప్పి చూడలేదు.

గేటు దగ్గర ఇంకో పది నిమిషాలు పోయాయి. నాలుగు సైకిళ్ళు తీసుకెళ్ళారు, నాలుగూ అప్పగించాలని కౌంటర్లో మనిషి. నాలుగోది శ్యాంసుందర్ది. అది టవర్ దగ్గరే వదిలేసి, పార్కు జీపెక్కి వచ్చాడు.

"జీపులెందుకొచ్చినవ్?"

"జల్ది రమ్మన్నవ్ గద."

చివరికి టెంట్ సామాను అక్కడే ఉంది కదా అని ఒప్పించుకుని బయటపడేసరికి తొమ్మిది ఐదు. మెహదీపట్నంలో పావుగంట. మాసబ్‌ట్యాంకులో ఇంకో ఇరవై నిమిషాలు. అరుణాదేవి గారు ఫోన్ చేస్తూనే ఉన్నారు. మాసబ్‌ట్యాంకు నుంచి ఆమె ఎత్తడం మానేసింది. పంజాగుట్ట చేరేసరికి పది ఇరవై. హాలు రోడ్డుకి అవతలి వైపు కనబడుతోంది. యూ టర్న్ మాత్రం చాలా ముందుకి పోతే గానీ లేదు.

"నేను దిగుతున్న," అని సంచి గుండెలకి హత్తుకుని, ఆగిన బస్సుల మధ్య నుంచి పరుగెత్తింది.

పెళ్ళికూతురి గదిలో అరుణాదేవి గారు ఆమెని పైనుంచి కిందికి చూశారు. గ్రీజు, ఎర్రమట్టి, చిరిగిన చున్నీ. చేతిలోంచి సంచి లాక్కున్నారు. తిట్టడానికి టైము లేదు. హైందవికి బ్లౌజు తొడిగారు. బ్యూటీషియన్ హుక్కులు పెట్టబోయి ఆగింది.

"ఇవి పట్టట్లేదండీ."

మంజుశ్రీ చూసింది. ముందు వైపు ఆరు హుక్కులూ అణిగి రేకుల్లా చదునైపోయాయి. రెండున్నర గంటలు. ఏడెనిమిది కిలోమీటర్ల గుంతలు. మామ బరువు. సూదితో ఒకటి లేపబోతే పుటుక్కున విరిగింది.

పది ముప్పై మూడు. కొత్త హుక్కులు కుట్టాలంటే ఇరవై నిమిషాలు.

"పిన్నీసులు పెట్టండి," అన్నారు అరుణాదేవి గారు.

"తలంబ్రాలప్పుడు చేతులెత్తితే ఊడిపోతయండి. కుట్టేస్త."

"మళ్ళీ విప్పి కుడతారా?"

"ఇప్పను. ఒంటి మీదనే."

"ఒంటి మీద బట్ట కుడతారా ఎవరైనా? అందులో పెళ్ళికూతురికి. అశుభం. కుదరదు."

"అమ్మా," అంది హైందవి. ఏడ్చి ఏడ్చి కాటుక రెండుసార్లు దిద్దించుకున్న పిల్ల. "ముహూర్తం దాటిపోతే శుభమా? కుట్టనీ. మంజుశ్రీ గారూ, మీరు కానివ్వండి."

మంజుశ్రీ చేతులు కడుక్కుంది. గ్రీజు గోళ్ళలో ఉండిపోయింది. బట్టకి తగలకుండా వేలి కొసలతోనే పట్టుకుని, ఎర్ర దారం రెండు పేటలు వేసి, పై నుంచి కిందిదాకా దగ్గర దగ్గర కుట్లు వేసుకుంటూ పోయింది. ప్రతి కుట్టుకీ "ఊపిరి పీల్చకమ్మా" అంది. తల్లి గోడ వైపు తిరిగి ఏదో గొణుగుతూ నిలబడింది. ఆఖరి ముడి వేసి దారం పళ్ళతో తెంపేసరికి పది నలభై. చీర కట్టి, జడ పెట్టి పిల్లని బయటికి నడిపించేసరికి నలభై ఆరు.

మంజుశ్రీ గుమ్మంలోంచి చూసింది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి హైందవి పీటల మీద ఉంది. మెడ నుంచి నడుము దాకా లావుపాటి పూలజడ. దాని మీదుగా చీర కొంగు. పందొమ్మిది రోజుల హంసల్లో ఒక్క రెక్క కూడా ఎవరికీ కనబడటం లేదు.

కారు ఎక్కడో పెట్టి మిగతా ముగ్గురూ వచ్చేశారు. మల్లయ్య మంటపం వైపు చాలాసేపు చూసి, "చీర మంచిగనే నిలబడ్డది," అన్నాడు.

"అందింది గద," అన్నాడు శ్యాంసుందర్. "పన్నెండు దాకా టెంటు మనదే. జల్ది పోతే ఇంకో రౌండు..."

అరుణాదేవి గారు దుప్పట్ల సంచి పట్టుకుని అటే వచ్చారు. మంజుశ్రీ అడిగింది. "చీర మార్చేది ఎప్పుడండి?"

"నాలుగింటికి. ఎందుకు?"

"ఆ కుట్లు నేనే కోయాలె. వేరేటోళ్ళు కత్తెర పెడితే బట్ట తెగుతది."

అరుణాదేవి గారు తల ఊపారు. సంచి శ్యాంసుందర్ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

"మీరు పోండ్రి," అంది మంజుశ్రీ భర్తతో. "సామానన్న తెచ్చుకోండ్రి."

"నువ్వు లేకుంట ఏం పోతం?"

"నేనుండంగ ఏం తిరిగినం?"

శ్యాంసుందర్ సంచి చంకన పెట్టుకున్నాడు. చింటు చెయ్యి పట్టుకుని కదిలాడు. మల్లయ్య కోడలి వైపు ఒకసారి చూసి, వాళ్ళ వెనకే వెళ్ళాడు.

ఆమె గది బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బ్యూటీషియన్ దగ్గర తీసుకున్న కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిక్కలు లాగుతున్నాయి. పట్టుచీరల ఆడవాళ్ళు ఆమె చెప్పుల ఎర్రమట్టిని చూసుకుంటూ పోతున్నారు. ఒకావిడ ఆగింది.

"మీరు పెళ్ళికొడుకు తరఫా అమ్మా?"

"కాదండి. బ్లౌజు తరఫు."

ఆవిడకి అర్థం కాలేదు. చెప్పే ఓపిక మంజుశ్రీకి లేదు. నాలుగింటికి ఇంకా ఐదు గంటలుంది.