మాట ఆగనంత మెల్లగా

మళ్ళీ లావు కావాలంటే ఎంతకాలం పడుతుంది?

సింకు ముందు నిలబడి, పాలగిన్నె అడుగున మాడి అంటుకున్న చారను పీచుతో రుద్దుతూ ఆమె తనకు తాను ఈ ప్రశ్న వేసుకుంది. వేసుకున్నాక తనే ఉలిక్కిపడింది. కొన్ని నెలలుగా ఈ ఇంట్లో అందరూ దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ప్రశ్నే అడుగుతూ వచ్చారు. భర్త అడిగాడు, అత్తగారు అడిగారు, మెట్ల మీద ఎదురైన పొరుగావిడ బుగ్గ గిల్లి మరీ అడిగింది. తీరా తగ్గి చూపించిన పూటే మళ్ళీ పెరిగే దారి వెతుక్కునే మనిషిని ఏమంటారు?

కారణం హాల్లోంచి వినబడుతూనే ఉంది.

"స్టాకు క్లియర్!" భర్త ఫోనులో తమ్ముడికి చెబుతున్నాడు. "అవున్రా, మీ వదినే. అనుకున్న అంకెకి దించేశాను. నేను పట్టుబట్టకపోతే అయ్యేదా?"

ఆయన ఒక పెద్ద గోదాములో సరుకుల రాకపోకలు చూసే ఉద్యోగి. ఏ వస్తువునైనా లోపలికి వచ్చినదిగానో బయటికి వెళ్ళవలసినదిగానో చూడటం ఆయనకు అలవాటు. ప్రతి ఆదివారం ఉదయం బరువు చూసే మిషన్‌ను సోఫా కిందనుంచి లాగి, హాలు మధ్యలో పెట్టి, "ఎక్కు" అంటాడు. ఆమె ఎక్కి ఎదుటి గోడను చూస్తుంది. ఆయన వంగి ఆమె పాదాల మధ్య కనబడే అంకెను చదువుతాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమె పాదాల దగ్గరకు వంగిన సందర్భం అదొక్కటే.

ఈ ఉదయం అంకె చదివి చప్పట్లు కొట్టాడు. చప్పట్లు ఆగకముందే అన్నాడు, "ఇంకేం, ఆ వెనకగది ఖాళీ చేసెయ్. నా టేబులు వేసుకుంటా. పొద్దున్నే పిల్ల స్కూలు బాక్సు కూడా నువ్వే చూసుకో. నా వల్ల కావట్లేదు ఆ హైరానా."

అత్తగారు పేపరులోంచి తలెత్తారు. "నా టీ కూడా. ఇన్నాళ్లూ నీ ఒంటి కోసమని నా టీ నేనే కాచుకున్నానా లేదా?"

"మరి వ్యాయామం, అత్తయ్యా?"

"తగ్గావుగా! జ్వరం దిగాక కూడా మందు మింగుతారుటే ఎవరైనా?"

ఆ తర్కంలో లోపం ఎక్కడుందో ఎంత వెతికినా ఆమెకు చిక్కలేదు. ఒక పనికి ఫలితమే కారణమైతే, ఫలితం అందిన క్షణాన ఆ పనికి బతికే హక్కు పోతుంది. వాళ్లు ఆమెకు గది ఇవ్వలేదు, ఆమె లావుకు ఇచ్చారు. లావు పోయింది కాబట్టి గదీ పోవాలి. న్యాయంగానే ఉంది. అందుకే ఆమె, గిన్నె తెల్లగా మెరుస్తున్నా రుద్దడం ఆపకుండా, మళ్ళీ లావయ్యే ఉపాయం ఆలోచిస్తోంది.

నిజానికి మొదట్లో ఆ వ్యాయామం ఆమెది కాదు. డాక్టరు మోకాళ్లు నొక్కి చూసి కాస్త తగ్గమన్న సాయంత్రమే భర్త ఫోనులో ఒక వీడియో వెతికిపెట్టాడు. గంటసేపు గెంతులు. చేయించేవాడు పళ్లు బిగించి అరుస్తుంటాడు. "చెమట కారకపోతే అది వ్యాయామమే కాదు" అని ఆయన సోఫాలో చేరగిలబడి చెప్పేవాడు. ఆమె అప్పటికే కళ్లద్దాల దుకాణంలో రోజంతా నిలబడి వచ్చేది. కౌంటరు వెనక ఒకప్పుడు స్టూలు ఉండేది. "కూర్చుంటే ఇంకా ఊరిపోతావమ్మా, నీ మంచికే చెబుతున్నా" అని యజమాని దాన్ని తీయించేశాడు. పరాయి ముక్కుల మీద ఫ్రేములు సర్ది, పరాయి చెవుల వెనక కమ్మీలు వంచి, ఇంటికి చేరి వంట, అంట్లు, పిల్ల హోంవర్కు ముగించి, ఆపైన గెంతేది. మోకాళ్లు పొంగాయి. కింది వాటా వాళ్లు చీపురుకట్టతో తమ పైకప్పును పొడిచారు. "చూశావా, నీ బరువు వాళ్లక్కూడా తెలిసిపోయింది" అని ఆయన పగలబడి నవ్వితే ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే జోకు కూడా అర్థం కాదంటాడు. తన మీద వేసిన జోకుకు ముందుగా తనే నవ్వడం కూడా ఒక చాకిరీయేనని, దాన్ని ఎవరూ పనుల్లో కలపరని, ఆ రాత్రి కాళ్లకు వేడినీళ్లు పోసుకుంటుంటే ఆమెకు తోచింది.

ఆ గెంతుల్లోంచి ఆమెను బయటపడేసింది ఒక ఫిజియోథెరపీ అమ్మాయి. వదులైన కళ్లజోడు బిగించుకోవడానికి దుకాణానికి వచ్చి, ఆమె ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మారుతూ నిలబడటం గమనించింది.

"మోకాలా, అక్కా?"

"ఊఁ. వ్యాయామం మొదలుపెట్టాను."

"వ్యాయామం చేస్తే బాగుపడాలి గానీ పాడవడమేంటి? ఎంతసేపు చేస్తున్నారేంటి?"

"గంట."

"అమ్మో! ఎవరి మీద కోపం?" అని ఆ అమ్మాయి నవ్వి, కౌంటరు మీద మోచేతులు ఆనించి గొంతు తగ్గించింది. "గంటా వద్దు, గెంతడమూ వద్దు. రోజూ ఓ పావుగంట. గోడకి చేతులానించి నెట్టండి. కుర్చీలో కూర్చుని లేవండి. వెల్లకిలా పడుకుని నడుము మెల్లగా పైకెత్తండి. మెల్లగానే తగ్గుతారు, కానీ తగ్గుతారు. ఒక్కటే గుర్తుంచుకోండి. చేస్తూ మాట్లాడగలగాలి. మాట ఆగిపోయిందంటే ఎక్కువ చేస్తున్నట్టు."

అలా వెనకగది వచ్చింది. ఇస్త్రీకి ఎదురుచూసే బట్టల గుట్ట, రెక్క విరిగిన ఫ్యాను, ఎవరూ తెరవని పెట్టె, వాటి మధ్య చాప పరిచేంత చోటు. భర్త దానికి "ముద్దుల వ్యాయామం" అని పేరు పెట్టాడు. అయినా వారం వారం అంకె కొంచెం కొంచెంగా దిగుతుండటంతో ఆపలేదు. ఉదయం ఆ పావుగంట ఆయన బాక్సు సర్దేవాడు, అత్తగారు టీ కాచుకునేవారు, ఆమె తలుపు గడియ పెట్టుకునేది.

మాట్లాడగలగాలని ఆ అమ్మాయి అంది గనక మాట్లాడి చూసుకోవాలి. మొదటిరోజు గోడను నెడుతూ "వస్తోంది, మాట వస్తోంది" అంది, డాక్టరుకు చెప్పినట్టు. తర్వాత అదే మాట పదేపదే అనడం తనకే నవ్వొచ్చి, మరొకటేదైనా అందామనుకుంటే ఏమీ తోచలేదు. చెప్పమని ఎవరూ అడగనప్పుడు చెప్పడానికి తన దగ్గర ఏమీ లేకపోవడం ఆమెను కలవరపెట్టింది. మూడు గదుల ఇంట్లో పొద్దుటినుంచి ఎన్ని మాటలు అంటుంది! అన్నీ జవాబులే. నీలం చొక్కా ఎక్కడుంది, చక్కెర అయిపోయిందా, ఆ బిల్లు కట్టావా. ఒకరోజు నడుము పైకెత్తి, విరిగిన ఫ్యాను వంక చూస్తుండగా, "ఆ స్టూలు నాకు కావాలండీ" అన్న మాట బయటికొచ్చింది. యజమాని అక్కడ లేడు. అయినా తలుపు గడియ వైపు చూసింది. మరునాడు, "మీ జోకు బాగాలేదు" అంది. ఆ మర్నాడు, పెళ్లయిన కొత్తలో అత్తగారు చుట్టాల ముందు "మావాడికి కళ్లు మూసి కట్టబెట్టారు" అన్నప్పుడు నేల చూపులు చూసిన ఆ కొత్తకోడలి తరఫున నిదానంగా, ఆయాసం లేకుండా జవాబు చెప్పింది. అలా పాత బాకీలన్నీ తీరేసరికి వారాలు పట్టింది. అవి తీరాక అసలు మాటలు మొదలయ్యాయి. తనకు వర్షం ఇష్టమా, లేక వర్షం వస్తే దుకాణానికి ఎవరూ రారన్నది ఇష్టమా? ఎవరికీ ఏమీ కానప్పుడు తను ఎవరు? ఇన్నాళ్లూ ఈ ఒంటిని ఇతరులు చూసే వస్తువుగా, తను మోసే బరువుగా తెలుసు. లోపలినుంచి తెలియదు. ఎడమ తుంటి కుడిదానికంటే ఆలస్యంగా నిద్రలేస్తుందని, ఊపిరి వదిలేటప్పుడే ధైర్యం వస్తుందని ఆ చాప మీదే తెలిసింది. తగ్గిన బరువు గురించి ఆమె నిజంగానే మరిచిపోయింది. అంకె మిగతావాళ్లకు, మాట ఆమెకు.

ఇప్పుడు అంకె పూర్తయిందని మాటను కూడా మూసేయమంటున్నారు.

"ఇంకొక్క ఆదివారం చూద్దామండీ, నిలుస్తుందో లేదో" అని ఆమె వారం గడువు సంపాదించింది. ఆ వారమంతా దొంగలా తింది. అందరూ వెళ్లాక డబ్బాలోంచి చక్కెర చెంచాలతో నోట్లో పోసుకుంది. రొట్టె మీద వెన్న దట్టంగా రాసి, దుకాణం వెనక గోడవైపు తిరిగి మింగింది. ఒకప్పుడు తిన్నందుకు సిగ్గుపడేది. ఇప్పుడు తినలేకపోతున్నందుకు ఏడుపొచ్చింది. వికారం తప్ప ఏమీ పెరగలేదు. ఆదివారం తెల్లవారుతూనే పొడుగాటి స్వెటరు తొడుక్కుని, ఒక జేబులో తాళాల గుత్తి, పాత ఇనప తాళంకప్ప, రెండో జేబులో కూతురు గోళీల సంచి వేసుకుని, గలగలమనకుండా జేబుల మీద చేతులు కప్పి మిషన్ ఎక్కింది.

భర్త వంగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"పెరిగింది!"

ఆయన ముఖం వాడింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే, తనకు మళ్ళీ పని దొరికినవాడిలా వెలిగింది. "నేను మొదటే చెప్పలేదూ? గోడలు నెడితే కరుగుతుందా ఒళ్లు? రేపట్నుంచి మళ్ళీ పాతదే. గంట. ఈసారి పొద్దున్నే, నేనే పక్కన నిలబడి చేయిస్తా, చూద్దాం ఎలా తప్పించుకుంటావో."

"మీకెందుకండీ శ్రమ..."

"నీ కోసం కాకపోతే ఎవరి కోసం పడతాను?"

అత్తగారు నిట్టూర్చారు. "అయితే టీ కాచుకునే చాకిరీ నాకింకా తప్పదన్నమాట."

స్నానాలగదిలోకి వెళ్లి గోళీలు ఒక్కొక్కటే బయటికి తీస్తూ ఆమె నవ్వుకుంది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తగ్గితే గది ఉండదు. పెరిగితే గదిలో ఆయన ఉంటాడు. రెండు దారుల్లోనూ అంకె ఆయన చేతిలోనే ఉంది. తను చేసిందల్లా ఆ అంకెను అటూ ఇటూ జరపడమే.

సోమవారం ఉదయం ఆయన వెనకగదిలోకి వచ్చాడు. చెప్పులతో వచ్చి చాప మీద నిలబడ్డాడు. ఫోనును పెట్టె మీద ఆనించి, గొంతు సవరించుకుని, "ఊఁ, కానీ" అన్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె గెంతడం మొదలుపెట్టింది. మోకాళ్లు వెంటనే గుర్తుపట్టాయి. ఆయన చుట్టూ తిరుగుతూ గది కొలతలు చూస్తున్నాడు.

"ఆగకు, ఆగకు. ఇంకా పైకి. ఎలాగూ రోజూ నేనిక్కడే ఉంటాను గనక, టేబులు ఇప్పుడే వేసేద్దాం. కిటికీ పక్కన. నీ చాప కావాలంటే వంటింట్లో పరుచుకోవచ్చు, ఏమంటావు?"

ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏదీ రాలేదు. వద్దు అనడానికి రెండక్షరాలు చాలు. వాటికి సరిపడా ఊపిరి ఒంట్లో లేదు.

"సరే అయితే" అన్నాడు ఆయన, గోడ మీద వేలితో గీత గీస్తున్నట్టు చూపిస్తూ. "ఇక్కణ్ణించి ఇక్కడిదాకా."

ఆమె ఆగిపోయింది.

"ఏమైంది? కానీ, కానీ!"

ఆమె గోడకు వీపు ఆనించి నిలబడింది. ఊపిరి దానంతట అది వెనక్కి వచ్చేదాకా తొందరపడలేదు. ఇంతకాలం తన మౌనాన్ని మెతకదనమనుకుంది, మంచితనమనుకుంది, ఒక్కోసారి ప్రేమ కూడా అనుకుంది. ఎన్నో సందర్భాల్లో అది ఆయాసం మాత్రమే. ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇవ్వకుండా అడిగి, రాని జవాబును సమ్మతిగా తీసుకువెళ్లారు. ఈ ఆలోచనలో కోపం కూడా లేదు. తప్పు ఫ్రేము తీసేసి సరైనది పెట్టుకున్నట్టు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, అంచులు మాత్రం కనబడుతున్నాయి.

"నిన్న నేను పెరగలేదు" అంది. "జేబుల్లో తాళాలు వేసుకున్నాను."

"ఏంటీ?"

"తాళాలు. బుజ్జిదాని గోళీలు కూడా."

ఆయన కాసేపు అర్థం కానట్టు చూసి, ఫక్కున నవ్వాడు. "అమ్మా, విన్నావా? నీ కోడలు మిషన్నే మోసం చేసింది! ఎందుకే పిచ్చిదానా?"

"ఈ పావుగంట పోతుందని."

నవ్వు తగ్గింది. గుమ్మంలోకి అత్తగారు వచ్చి నిలబడ్డారు. చేతిలో ఖాళీ కప్పు.

"పావుగంట కావాలంటే నన్ను అడగొచ్చుగా" అన్నాడు ఆయన, నిజంగానే నొచ్చుకుని. "అడిగితే కాదంటానా?"

అంటాడో అనడో ఆమెకు తెలియదు. అనడనే అనుకుందాం. రోజూ అడిగితే రోజూ ఇస్తాడు కూడా. ఎప్పుడో ఒక ఉదయం ఆయనకు తీరిక ఉండదు.

"అడగటం లేదండీ. చెబుతున్నాను. నేను తగ్గడం అయిపోయింది, ఇది దానికోసం కాదు. రోజూ పొద్దున పావుగంట నేనీ గదిలో ఉంటాను. ఒక్కదాన్నే."

"ఉండి ఏం చేస్తావు, తగ్గాల్సిన అవసరమే లేనప్పుడు?"

"ఏమైనా చేస్తాను. మీ టేబులు హాల్లో వేసుకోండి. ముందు బయటికి నడవండి, బాక్సు టైమవుతోంది."

ఆ ఇంట్లో ఆమె అంతవరకు ఎవరినీ బయటికి నడవమని అనలేదు. ఆ మాట తన గొంతులో అంత మామూలుగా పలకడం ఆమెకే వింతగా తోచింది. భర్త తల్లి వైపు చూశాడు. ఆవిడ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసి, ఏమనుకున్నారో, "రారా, పిల్లకి బస్సు తప్పిపోతుంది" అని వెనుదిరిగారు. ఆయన ఫోను తీసుకుని, చాప మీంచి చెప్పులు ఎత్తెత్తి వేస్తూ బయటికి నడిచాడు.

ఆమె తలుపు మూసి గడియ పెట్టింది. చాప దులిపి, పడుకుని, పాదాలు నేలకు ఆనించింది. వంటింట్లో గిన్నెలు దభీదభీమన్నాయి. అలమరలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. "నాన్నా, బస్సొచ్చేస్తుంది!" అని కూతురి గొంతు, ఆ వెనకే ఆయన కేక:

"బాక్సు మూత ఎక్కడ పెట్టావ్?"

కడిగిన పళ్లేల వెనక, జల్లెడ కింద. ఆమెకు కచ్చితంగా తెలుసు. ఊపిరి నిండుగా ఉంది, మాటకు ఏ అడ్డూ లేదు.

ఆమె నడుము మెల్లగా పైకెత్తింది.