పన్నెండో నంబరు గదిలో నీళ్ళు

పొద్దున్న ఆరు కాగానే ఆయా మహాలక్ష్మమ్మ చీపురు, బకెట్టు పట్టుకుని లేడీస్ హాస్టల్ మెట్లెక్కేది. రాజమండ్రిలోని ఆ మెడికల్ కాలేజీ హాస్టల్లో ఎవరి మనసు బరువెక్కితే వాళ్ళ గదిలో నీళ్ళు ఊరేవి. కొత్తగా చేరినవాళ్ళ గదుల్లో అరికాళ్ళు తడిసేవి. పరీక్షలప్పుడు చీలమండల దాకా వచ్చేవి. ఆయా ఊడ్చేసి పోయేది.

2009 ఆగస్టులో స్వైన్ ఫ్లూ వచ్చింది. జూనియర్లని ఇళ్ళకి పంపేశారు. హౌస్ సర్జన్లు ఉండిపోయారు. వాళ్ళలో పావని ఒకతె, ముమ్మిడివరం దగ్గర స్కూలు మాస్టారి అమ్మాయి. పద్దెనిమిది రోజులుగా సెలవన్నది లేకుండా ఫ్లూ వార్డులో చేస్తోంది. గురువారం ఓ బాలింత ఆమె చేతుల్లోనే పోయింది. మర్నాటికి పన్నెండో నంబరు గదిలో పావని మంచం కోళ్ళు మునిగాయి.

సంగతి తెలిస్తే ఇంటికి పంపేస్తారని, ఏడాది పోతుందని భయపడింది. తలుపు కింద పాత దుప్పట్లు కుక్కి, తలుపు తీసినప్పుడు ఒలికిన నీళ్ళు తనే తుడిచేసి, పైకి నవ్వుతూ డ్యూటీకి వెళ్ళొచ్చింది.

ఆదివారానికి నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ఇలాగే కూర్చుండిపోతే తల కూడా మునిగిపోతుంది, హాయిగా ఉంటుంది అనిపించింది. ఆ హాయి అన్న మాటకి తనే ఉలిక్కిపడింది. ఈ మాట ఏ పేషెంటో అని ఉంటే ఒక్క క్షణం ఒంటరిగా వదిలేది కాదు.

అప్పుడే ఆయా తలుపు తట్టింది. "మీ గది గుమ్మం ఎప్పుడూ పొడిగానే ఉంటుందేంటమ్మా?"

"లేదు ఆయమ్మా, నడుం దాకా ఉన్నాయి. నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

"ముందు గడియ తియ్యండమ్మా."

పావని దుప్పట్లు లాగేసి గడియ తీసింది. నీళ్ళు వరండాలోకి ఉరికాయి. పక్కగది హరిచందన తలుపు తీసింది, చేతిలో తడి దుప్పటితో. ఆ వెనక ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. పధ్నాలుగు గదుల నీళ్ళూ మెట్లు దిగి, ఆవరణ దాటి, ఆసుపత్రి సూపరింటెండెంట్ లక్ష్మీనరసింహం గారి ఆఫీసులోకి వెళ్ళాయి.

ఆయన ప్యాంటు మడుచుకుని బయటికొచ్చారు. ఎదురుగా పావని.

"వార్డు మానెయ్యం సార్. కానీ ఇలా చెయ్యలేం. వారానికో రోజు సెలవు కావాలి. ఎవరైనా పోయిన రోజు, మాతో కూర్చుని మాట్లాడే మనిషి కావాలి."

 ఆయన, "మా ఇంట్లోనూ నీళ్ళు బయటపడకుండా గుమ్మానికి ఇసుక బస్తాలు వేసుకున్నానమ్మా," అన్నారు. సాయంత్రానికి కొత్త డ్యూటీ చార్టు అంటించారు. మానసిక వైద్యుడు విశ్వనాథ్ గారు రోజూ నాలుగింటికి హాస్టల్ మెస్సులో కూర్చోవడం మొదలుపెట్టారు. మొదటిరోజే వెళ్ళి ఆయన ఎదుట కూర్చున్నది పావని.

బుధవారం సెలవు. పది గంటల దాకా నిద్రపోయింది. గురువారం వార్డుకి వెళ్ళేసరికి ఏసుపాదం అనే ఆటో డ్రైవరు ఎగశ్వాసతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"భయమేస్తోందండి, డాక్టరుగారూ."

"నాకూ వేస్తోందండీ," అంది పావని, ఆక్సిజన్ మాస్కు సర్దుతూ. "నేనిక్కడే ఉంటాను. మెల్లిగా ఊపిరి తీసుకోండి."